బర్సీం మొదటి కోత

ఒక్కసారి కూడా కంటితో చూడని మొక్కను ఎలా పెంచాలో ఊరూరికీ చెప్పే ఉద్యోగం రెండేళ్లు చేశాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న ఒక బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు మాది. మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు మైకులో ఏదో ఒక కోర్సు చెబుతూ ఉండేవారు. పైకి వస్తే పన్నెండు కుర్చీలు, పన్నెండు హెడ్‌సెట్లు. రైతులకూ తోటలు పెంచుకునేవాళ్లకూ ఫోనులో సలహాలిచ్చే హెల్ప్‌లైన్ అది. డిగ్రీలో బోటనీ చదివానని నన్ను గడ్డి వైపు కూర్చోబెట్టారు. అంటే లాన్లూ, పశువుల మేతా.

పని కష్టమైందేమీ కాదు. ఫోను చేసినవాళ్లు అడిగింది టైపు చేస్తే దాని తాలూకు పేజీ తెర మీదికి వస్తుంది. అందులో ఉన్నది చదివి చెప్పాలి. నాలుగు నిమిషాల్లో ముగించాలి. ఎవరి ఫోను ఎవరికి పడుతుందో యంత్రం ఇష్టం.

లాన్ల ఫోన్లు ఎక్కువగా సిటీ నుంచే వచ్చేవి. "మా అపార్ట్‌మెంట్ ముందు పొద్దంతా నీడేనండీ, ఏ గడ్డి వేయమంటారు?" అని అడిగేవారు. బెర్ముడా విత్తనం నీడలో లేవదండీ, వెడల్పాకు గడ్డి పిలకలు నాటుకోండి అనేదాన్ని. ఏదో వీడియో చూసి క్లోవర్ లాన్ కావాలనే వాళ్లు కొందరు. మన ఎండలకు అది నిలవదంటే, సరేనండీ అని పెట్టేసేవారు. వాళ్లలో రెండోసారి ఫోను చేసినవాళ్లు నాకు గుర్తులేరు.

ఆ పెద్దాయన ఫోను వచ్చింది చలి మొదలయ్యే రోజుల్లో.

"గీడ తెలుగు మాట్లాడేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"నేను తెలుగేనండీ. చెప్పండి."

"నాకొక్క బర్రె ఉన్నది బిడ్డా. బోరేసినంక జర నీళ్లు సుత ఉన్నయి. అంగట్ల ఒకాయన బర్సీం గడ్డి ఎయ్యి, పాలు పెరుగుతయి అన్నడు. గా గడ్డి నేనెన్నడు చూడలే. ఎట్లెయ్యాలె?"

నేనూ ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. బర్సీం కూడా ఒక రకం క్లోవరే, దాని లాటిన్ పేరు నాకు నోటికి వచ్చు. పరీక్షలో దాని మీద ఐదు మార్కుల ప్రశ్న కూడా రాశాను. పేజీ తెరిచాను.

"రాసుకుంటారాండీ?"

"నాకు రాసుడు రాదు. నువ్వు చెప్పు, యాదికుంచుకుంట."

అందుకని నెమ్మదిగా చెప్పాను. విత్తనం కొనేటప్పుడు పసుపు రంగులో మెరిసేది తీసుకోవాలి, ముదురు గోధుమ రంగుకు తిరిగితే పాతది. ఇంటికి తెచ్చి ఉప్పునీళ్లలో పోయాలి, తేలినవి కాసిని అనే కలుపు విత్తనాలు, తీసి పారేయాలి. మునిగినవి కడిగి, వేళ్లకు మేలు చేసే సూక్ష్మజీవుల కల్చరును బెల్లం నీళ్లలో కలిపి పట్టించి నీడలో ఆరబెట్టాలి. మడిలో నీళ్లు నిలిపి, గాలి లేని పూట ఆ నీళ్లలోనే చల్లాలి. నేను ఒక వాక్యం చెప్పగానే ఆయన దాన్ని తన మాటల్లో మళ్లీ అప్పజెప్పేవాడు. బడిలో పిల్లవాడు పాఠం ఒప్పజెప్పినట్టు, ఒక్క ముక్క తప్పకుండా. పన్నెండు నిమిషాలైంది. ఆ రోజు నా పేరు బోర్డు మీద ఎర్ర ఇంకుతో రాశారు.

మూడు రోజుల తర్వాత మళ్లీ చేశాడు, ఈసారి విత్తనాల కొట్లోంచి. యంత్రం మళ్లీ నాకే వేసింది.

"రెండు తీర్లున్నయి బిడ్డా. ఒకటి పసుప్పచ్చగ మెరుస్తున్నది. ఇంకోటి జర ఎర్రబడ్డది. గీయన రెండొకటే అంటుండు."

"ఒకటే కాదు తాతా. మెరిసేదే తీసుకోండి."

తాతా అని ఎందుకన్నానో తెలియదు. హెల్ప్‌లైన్‌లో అలా పిలవకూడదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి ఎవరు ఎత్తినా "గడ్డి బిడ్డకియ్యి" అని అడగడం మొదలుపెట్టాడు. పక్క సీట్లవాళ్లు నవ్వుకుంటూ "గడ్డి బిడ్డా, మీ తాత లైన్ల ఉన్నడు" అని ఫోను నాకు మార్చేవారు.

ఆ వారమే నేను కూడా ఒక చిన్న ప్యాకెట్ బర్సీం విత్తనం కొన్నాను. ఆయన పొలంలో ఏం జరుగుతుందో నేనూ చూడాలనిపించింది. మాది అమీర్‌పేట గల్లీలో రెండో అంతస్తు వాటా, పైన డాబా. పండ్ల బండి అతన్నడిగి నాలుగు థర్మోకోల్ డబ్బాలు తెచ్చి, మట్టి నింపి, నీళ్లు నిలిపి చల్లాను. మా అమ్మ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి డాబా మీద నన్ను చూసి, "బర్రె ఎప్పుడొస్తది ఇంటికి? లిఫ్టు సుత లేదు" అని నవ్వింది.

నాలుగో రోజు మట్టి మీద పచ్చటి పొడలా కనిపించింది. ఆఫీసుకు వెళ్లేసరికి తాత ఫోను. "మొలిచింది బిడ్డా!" మాదీ మొలిచింది తాతా అని చెప్పాను. ఆయన ఎంత సంతోషపడ్డాడంటే, భార్యను పిలిచి, "పట్నంల గీ బిడ్డ సుత మన గడ్డే ఏసిందట" అని ఆమెకు చెప్పడం నాకు వినిపించింది. తర్వాత రెండు వారాలకొకసారి మాట్లాడుకునేవాళ్లం. మూడేసి ఆకులు, మెత్తటి కాడలు, నీళ్లు పెట్టిన మర్నాడు ఒక్కసారిగా సాగడం. ఆయన అక్కడ చూసినవే నేనిక్కడ చూసేదాన్ని. పుస్తకంలో చదివిన మొక్క ఇదేనా అని ఆశ్చర్యంగా ఉండేది. పుస్తకంలో దానికి వాసన లేదు.

యాభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం ఫోను చేసి, రేపు మొదటి కోత కోస్తున్నానన్నాడు. మంచిది తాతా అన్నాను. నాకు గుర్తున్నంతవరకు ఆ ఫోనులో అంతకంటే ఏమీ లేదు.

రెండు రోజుల తర్వాత లైన్లో ఆయన గొంతు విని మామూలుగానే, "ఎట్లుంది తాతా కోత?" అన్నాను.

ఊపిరి మాత్రం వినిపించింది.

"పొద్దుగాల కోసిన బిడ్డా. మంచు మీదనే కోసిన. మంచిగ తిన్నది. మస్తు తిన్నది. ఎన్నడు గట్ల తినంగ చూడలే. గంటకే ఎడమ డొక్క పైకి లేసింది. డోలు తీరుగ. నూనె తాగిపిచ్చినం. డాక్టరుకు ఫోన్ జేసినం. ఆయనొచ్చేవరకే పడ్డది."

"అయ్యో తాతా" అన్నాను. ఆయన "ఆఁ" అన్నాడు. ఇంకొంచెంసేపు ఊపిరి వినిపించింది. తర్వాత ఫోను పెట్టేశాడు. పెట్టేముందు "ఉంట బిడ్డా" అని కూడా అన్నాడు.

నేను బర్సీం పేజీ తెరిచాను. అడుగున 'తరువాత' అని ఒక బటన్ ఉంది. అన్ని పేజీలకూ ఉంటుంది. అన్నాళ్లలో దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కితే రెండో పేజీ వచ్చింది. దాని మీద మేపడం గురించి ఉంది. లేత గడ్డిని తడిగా, ఖాళీ కడుపున ఒక్కసారే మేపరాదు. కోసి కాసేపు ఎండలో వాడనిచ్చి, ఎండు మేతతో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. లేకుంటే కడుపు ఉబ్బి పశువు చనిపోవచ్చు. నాలుగు వరుసలు, అంతే. అవి చదవడానికి అర నిమిషం కూడా పట్టదు.

హెడ్‌సెట్‌లో తర్వాతి ఫోను వచ్చింది. ఎవరో ఆవిడ తన ఇంటి ముందు లాన్‌లో పచ్చిక మధ్య మచ్చలు పడుతున్నాయని అడుగుతోంది. ఆవిడకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆయన ఇక ఫోను చేయడనుకున్నాను. చేశాడు. పది రోజులకు.

"గడ్డి మళ్ల లేసింది బిడ్డా" అన్నాడు.

బర్సీం అంతే. కోసిన కొద్దీ లేస్తుంది. నెలకొక కోత వస్తుంది. ఆ సంగతి మొదటిరోజే నేనే చెప్పాను, చాలా గొప్పగా చెప్పాను.

"కోసిన తావుల జానెడు పెరిగింది. తినేది లేదు. కొట్టం కాడ గుంజ ఉన్నది, తాడు సుత గట్లనే ఉన్నది. గడ్డి మాత్రం ఆగుతలేదు."

"ఎవరికైనా ఇవ్వండి తాతా" అన్నాను. "ఇయ్య" అన్నాడు. "మళ్ల ఎవరిదన్న సస్తే?" తర్వాత మామూలుగా ఉంట బిడ్డా అని పెట్టేశాడు.

అప్పటినుంచి వారానికోసారి వచ్చేది ఆ ఫోను. ఎప్పుడూ ఒకే ముచ్చట. ఎంత పెరిగింది, పూత వచ్చిందా, తెల్లటి పూలకు తేనెటీగలెన్ని మూగుతున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బీప్ వినిపించి తెర మీద ఆ నంబరు పడగానే బర్సీం రెండో పేజీ తెరిచి పెట్టుకునేదాన్ని. ఫోను రాని రోజుల్లో ఇంకా ఎక్కువగా వినిపించేది. మెట్రోలో తలుపులు మూసుకునేముందు వచ్చే చప్పుడు ఆ బీప్‌లాగే ఉండేది. ఆదివారం చర్చిలో అందరూ మౌనంగా ప్రార్థన చేసేటప్పుడు ఆ నిశ్శబ్దంలో నాకు ఒక ముసలాయన ఊపిరి వినిపించేది. కళ్లు తెరిచి పక్కన ఎవరున్నారో చూసుకునేదాన్ని.

ఇంట్లోనూ అదే. డాబా మీద నాలుగు డబ్బాల్లో ఆయన గడ్డి వయసే ఉన్న గడ్డి నిండుగా ఊగుతూ ఉండేది. నేను పైకి వెళ్లడం మానేశాను. నీళ్లు పోయకపోతే అదే పోతుందనుకున్నాను. కానీ అమ్మ పోస్తోంది. ఆ సంగతి నాకు తెలియదు. మూడు వారాల తర్వాత ఆరేసిన బట్టలు తేవడానికి వెళితే అది డబ్బాల అంచులు దాటి పక్కకు వాలి ఉంది. బట్టలు అక్కడే వదిలేసి కిందికి వచ్చేశాను.

"ఏమైంది?" అంది అమ్మ.

"దానికి నీళ్లెందుకు పోస్తున్నవ్?"

"పచ్చగున్నది, ఎండబెట్టుడెందుకు? ఎవరి బర్రెకన్న ఎయ్యి. బోరబండల మా దవాఖాన ఆయా వాళ్లకు కొట్టం ఉన్నది."

ఆ మాట నా లోపల ఎక్కడో దిగింది. మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే కోసి, సంచిలో కుక్కి ఆటోలో బోరబండ తీసుకెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక్క బర్రె అయినా ఆ గడ్డి తిని బాగుండడం చూడాలనుకున్నానేమో. ఇరుకు సందు చివర రేకుల కొట్టం, అందులో నాలుగు బర్రెలు. అమ్మ చెప్పిన ఆయా చెల్లెలు పేడ తీస్తోంది. నేను సంచి విప్పగానే గడ్డి పట్టుకుని పిండి చూసింది. చెయ్యి తడిసింది.

"గిప్పుడే కోసినవా?"

"అవును." వాడబెట్టి వేయాలని చెప్పబోయేలోపే ఆమె అందుకుంది.

"గిట్ల తడిది ఏస్తరా ఎవరన్న? పొట్టుబ్బి సస్తది. గా రేకు మీద పరువు. ఎండకు జర వాడని."

గడ్డిని రేకు మీద పరిచాం. ఎండ నెమ్మదిగా ఎక్కింది. ఆకులు మెత్తబడి ముడుచుకునేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆమె వాటిని ఎండు వరిగడ్డితో కలిపి నాలుగు బర్రెల ముందూ ఇంతింత వేసింది. అవి తిన్నాయి. ఏమీ కాలేదు.

"నీకు గియ్యన్ని ఎవరు చెప్పిన్రు అక్కా?" అని అడిగాను.

"చెప్పుడేంది? మా అత్త ఏసేది, నేను చూసిన."

తాత ఆ గడ్డి వేసినవాళ్లను ఎవరినీ చూడలేదు. ఆయన చుట్టుపక్కల ఎవరూ వేయలేదు. ఆయనకు చెప్పడానికి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం నా పాత ఆలోచనే మళ్లీ వచ్చింది, ఈసారి వదల్లేదు. ఆయన అడగలేదు కాబట్టే నేను చెప్పలేదు. అడిగి ఉంటే తప్పకుండా రెండో పేజీ తెరిచేదాన్ని. అప్పటిదాకా నన్ను కాస్త నిలబెట్టింది ఆ నమ్మకమే. అది నిజమేనని నా చెవులతో వినాలనిపించింది. మా ఫోన్లన్నీ రికార్డవుతాయి.

టీమ్ లీడర్ విజయవాడ వైపు ఆయన, మంచివాడే. "ఏంటండీ, ఇప్పుడెందుకు అదంతా? ఆయనేమన్నా కంప్లైంట్ ఇచ్చారా?" అన్నాడు.

"లేదండీ."

"మరింకేంటి? వదిలేయండి."

నేను వదల్లేదు. రెండు రోజులు అడిగాక, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు తన క్యాబిన్‌లో ఆ రికార్డింగ్ పెట్టాడు. కోతకు ముందు రోజు ఫోను.

"యాభై దినాలు దాటినయి బిడ్డా. రేపు పొద్దుగాల కోస్త. కోసి పచ్చిగనే ఏద్దునా?"

తర్వాత నా గొంతు. అందులో నవ్వు ఉంది. "వేయండి తాతా. పచ్చిగానే బలం. నా పేరు చెప్పి కూడా ఒక పరక వేయండి."

"ఏస్త బిడ్డా" అన్నాడాయన.

టీమ్ లీడర్ రికార్డింగ్ ఆపాడు. ఆయన మొహం వైపు చూడలేకపోయాను. పచ్చిగానే బలం. ఆ మాట ఏ పేజీలోనూ లేదు. నేను ఎక్కడా చదవలేదు. అది ఎక్కణ్నుంచి నా నోటికి వచ్చిందో నాకు తెలియదు. ఆయన అడిగాడు. స్పష్టంగా అడిగాడు. నేను జవాబు చెప్పాను, చెప్పి మర్చిపోయాను.

"స్క్రీన్ మీద లేనిది ఎందుకు చెప్పారండీ?" అన్నాడు మెల్లగా. ఇంకాసేపటికి, "సరే, ఇది మనిద్దరి మధ్యే ఉండనివ్వండి" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అంతకుముందు బర్రె చనిపోయిందని మాత్రమే చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను, రికార్డింగ్‌లో నా నవ్వుతో సహా. అమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. చేట పక్కన పెట్టింది. అట్లా ఏం కాదులే, ఆ బర్రెకు ఆయుష్షు అంతే అంటుందనుకున్నాను. అనలేదు.

"ఆయనకు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? ఆయనకు తెల్వదా నేనేమన్ననో?"

"ఆయనకు తెలుసుడు వేరే. నువ్వు చెప్పుడు వేరే. చెప్పకుంటే బతికినన్ని రోజులు ఫోను చప్పుడుకు ఉలిక్కిపడుతవు." కొంచెం ఆగి, "నాకు సుత ఒకరున్నరు. బెడ్డు నంబరు సుత యాదికున్నది. వాళ్లోళ్లకు నేను చెప్పలే" అంది.

ముప్పయ్యేళ్లుగా ఆమె ఏ ఆసుపత్రిలో పనిచేసినా సాయంత్రం ప్రార్థన చివర ఒక నిమిషం పెదవులు కదపకుండా కూర్చుంటుంది. చిన్నప్పటినుంచి చూస్తున్నాను. ఎవరమ్మా అని అడిగాను. అమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆయన ఫోను నాలుగు రోజులకు వచ్చింది. పూత నిండిందని చెబుతున్నాడు. నేను మధ్యలో ఆపాను.

"తాతా, జర ఆగండి. నేనొక మాట చెప్పాలె. కోసే ముందు రోజు మీరు నన్ను అడిగిన్రు, పచ్చిగ వేయొచ్చా అని. నేను వేయమన్న. వేయొద్దని ఉన్నది మా దగ్గర. నేను చూడకుంట చెప్పిన. తప్పు నాదే."

ఊపిరి వినిపిస్తోంది. పక్క సీటమ్మాయి నా వైపు తిరిగి చూసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

"నాకెరుకనే బిడ్డా" అన్నాడాయన. "గా దినం డాక్టరు చెప్పిండు. ఎవడు చెప్పిండు నీకు పచ్చిది ఎయ్యుమని అన్నడు."

"మీరేమన్నరు?"

"నాకే తెల్వకపాయె అన్న."

"మరి నాకెందుకు ఫోన్ చేస్తున్నరు తాతా? తిట్టనన్న తిట్టరు."

"ఎవరికి జెయ్యాలె? ఇంట్ల బర్రె ముచ్చటెత్తితే ముసల్ది కొంగు నోట్ల పెట్టుకుంటది. ఊర్లోళ్లు నవ్వుతరు, గడ్డేసి బర్రెను సంపుకున్నడని. నీకైతే అన్ని ఎరుకే కదా. చల్లినకాడికెల్లి ఎరుకే."

ఆయన క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. "ఇంకెవరన్న అడిగితే వాడబెట్టుమని చెప్పు" అన్నాడు. "చెప్త తాతా" అన్నాను.

ఆ తర్వాత రెండుసార్లే చేశాడు. చివరిసారి ఎండలు ముదిరాక. "గీ కోత కొయ్యలే. ఇత్తనానికి ఇడిసిపెట్టిన" అన్నాడు.

నేను మాత్రం మేత గురించి ఎవరు ఫోను చేసినా, వాళ్లు విత్తనం గురించి అడిగినా, నీళ్ల గురించి అడిగినా, ముందు ఆ నాలుగు వరుసలు చెప్పేదాన్ని. అడగకపోయినా చెప్పేదాన్ని. తిరిగి అప్పజెప్పించుకునేదాన్ని. కొందరు విసుక్కునేవారు, నాకు తెలుసమ్మా అనేవారు. అయినా సరే. ఒక్కో ఫోను పది నిమిషాలయ్యేది. బోర్డు మీద నా పేరు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. ఆ వరుసల్ని మొదటి పేజీలోకి మార్చమని టీమ్ లీడర్‌ను ప్రతి సోమవారం అడిగాను. పేజీలు రాసేవాళ్లు వేరే ఊళ్లో ఉంటారండీ అనేవాడు. చివరికి మార్పించాడు. మారిన పేజీ చూశాక నెల రోజులకు ఆ ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు పంజాగుట్టలో ఒక నర్సరీ వాళ్ల దగ్గర పనిచేస్తున్నాను. లాన్ గడ్డి, పూల మొక్కలు, విత్తనాలు. జనం వచ్చి ఎదురుగా నిలబడి, పట్టుకుని చూసి కొనుక్కుంటారు. నీడకు ఏ గడ్డి అని ఎవరైనా అడిగితే, మీ ఇంటికి వచ్చి చూస్తానండీ అంటాను. నిజంగానే వెళతాను, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎండ ఎక్కడెక్కడ పడుతుందో చూడ్డానికి. మా ఓనర్ ఇదంతా చాదస్తం అంటాడు. కొట్లో ఫోను మోగితే నేను ఎత్తను. ఆ పని ఇంకొకరిది.

కానీ ఫోను నేను ఒకసారి చేశాను. మానేసిన ఏడాది, మళ్లీ బర్సీం చల్లే రోజులు వచ్చినప్పుడు. ఆ నంబరు ఎక్కడా రాసుకోలేదు, తెర మీద చూసి చూసి నోటికి వచ్చేసింది. పట్టపగలు, నర్సరీలో చుట్టిపెట్టిన లాన్ గడ్డి చాపల వెనక నిలబడి చేశాను. చాలాసేపు మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఎవలు?"

నా పేరు ఆమెకు తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. తాతున్నరా అమ్మా అని మాత్రం అడిగాను.

"గడ్డి బిడ్డవా?" అంది.

"అవునమ్మా. తాత ఎట్లున్నరు?"

"మంచిగనే ఉన్నడు. పొలం కాడికి పోయిండు. ఇత్తనం చల్లుతుండు."

"మళ్లా బర్రెను కొన్నరా?"

"ఏడికెల్లి కొంటడు? బర్రె లేదు, ఏం లేదు. ఊర్లోళ్లకు కోసుకపొమ్మని ఏస్తుండు. ఊకెనే. కని కోసినంక ఒడ్డు మీద పరిచి, ఎండకు వాడినంకనే ముట్టనిస్తడు. గొడవ పడుతడు అందరితోని. కట్టె పట్టుకొని కూసుంటడు పొద్దంత. జనం నవ్వుతరు. అయిన తెచ్చుకుంటరు గడ్డి."

నేను నవ్వానో ఏడ్చానో, ఏదో చప్పుడు చేసి ఉంటాను. "ఆయన వచ్చినంక నేను చేసిన అని చెప్పండమ్మా" అన్నాను.

దూరంగా కోడి అరవడం వినిపించింది. ఎవరో మోటారు వేశారు.

"ఊహూఁ, చెప్ప బిడ్డా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు సుత మళ్ల జెయ్యకు. నీతోని మాట్లాడిననాడు ఆయన బువ్వ తినకపోయేటోడు. కొట్టం కాడ గుంజకు ఒరిగి కూసునేటోడు. గిప్పుడిప్పుడే జర తింటుండు. నీ ఫోనొచ్చిందంటే మళ్ల గా దినంలకే పోతడు."

"సరేనమ్మా" అన్నాను.

"ఏమనుకోకు బిడ్డా."

"ఏమనుకోనమ్మా."

ఆమె ఫోను పెట్టేసింది. కౌంటర్ దగ్గర ఎవరో బెర్ముడా విత్తనం కావాలని పిలుస్తున్నారు. వాళ్ల ఇంటి ముందు ఎండ ఎంతసేపు ఉంటుందో అడిగి తూచి ఇచ్చాను. ఆ తర్వాత మళ్లీ చేయలేదు. ఏటా చలి మొదలైనప్పుడు ఆ పది అంకెలు వరుసగా నోట్లోకి వస్తాయి. వాటిని మర్చిపోవడానికి నాకు ఇంతవరకు దారి దొరకలేదు.